ఫైర్ పంపుకు ఏ ప్రెషర్ స్విచ్ పెట్టాలె: జాకీకి ఏది, మెయిన్‌కు ఏది, అలారంకు ఏది

ఫైర్ సిస్టమ్‌కు ప్రెషర్ స్విచ్ ఏది మంచిది అన్నా, కంపెనీ పేరు చెప్పు తెచ్చుకుంటం అని ఫోన్లు వస్తనే ఉంటయి. నేను తిరిగి అడిగేది ఒక్కటే, లైన్ల నీళ్ల ప్రెషర్‌ను బట్టి పంపును స్టార్ట్ చేసే, అలారం కొట్టించే ఆ స్విచ్ ఎక్కడ పెడతరు, జాకీకా (లైన్ల ప్రెషర్ నిలిపి ఉంచే చిన్న పంపు), మెయిన్ పంపుకా (మంటలప్పుడు నడిచే పెద్ద కరెంటు పంపు), డీజిల్‌కా (కరెంటు పోతే నడిచే ఇంజిన్ పంపు), స్ప్రింక్లర్ అలారం వాల్వ్‌కా? స్విచ్ అంటే స్విచ్చే కదా, ఒకటే రకం నాలుగు తెచ్చి పెడదాం అంటరు. హనుమకొండ, వరంగల్, కాజీపేటల హాస్పిటళ్లు, అపార్ట్‌మెంట్లు, ఏనుమాముల దిక్కు గోదాములు, పరకాల, జమ్మికుంట రోడ్ల మీది జిన్నింగ్ మిల్లులు తిరిగి పంపు రూములు చూసుకునే పని నాది, మళ్లమళ్ల కనిపించే తప్పు ఇదే, పని ఏందో చూడకుండ స్విచ్ కొనుడు. అందుకే కంపెనీ పేరు కంటే ముందు పని గురించి చెప్తా.

లోపల ఏం జరుగుతదో తెలిస్తే కేటలాగ్ చదువుడు అల్కగైతది. లైన్ల నీళ్లు కింద నుంచి ఒక పల్చటి పొర మీద ఒత్తుతయి, దాన్నే డయాఫ్రమ్ అంటరు, కొన్నిట్ల దాని బదులు మడతలు మడతలుగ బెలోస్ ఉంటది. మీద నుంచి స్ప్రింగ్ కిందికి నొక్కుతది. మనం స్క్రూ తిప్పి స్ప్రింగ్‌ను ఎంత బిగిస్తే నీళ్లు అంత బలం పెట్టాలె. నీళ్ల బలం గెలిస్తే లోపలి మైక్రోస్విచ్ టక్కున ఒక దిక్కు పడతది, ప్రెషర్ దిగి స్ప్రింగ్ గెలిస్తే మళ్ల ఎన్కకు వస్తది. కరెంటు దిక్కు మూడే టెర్మినళ్లు, కామన్, ఎన్‌ఓ (నార్మల్లీ ఓపెన్, మామూలుగ విడిపోయి ఉండేది), ఎన్‌సీ (నార్మల్లీ క్లోజ్డ్, మామూలుగ కలిసి ఉండేది). ఈ ఎన్‌ఓ ఎన్‌సీ అనేది స్విచ్ చేతుల ఉన్నప్పుడు, అంటే ప్రెషర్ సున్నా ఉన్నప్పటి లెక్క. లైన్ల 7 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) ఎక్కినంక ఎన్‌సీ ఓపెన్ అయ్యి ఉంటది, ప్రెషర్ పడితే కలుస్తది, పంపుకు స్టార్ట్ పోతది. కొత్తగ వచ్చిన పిల్లలు ఇక్కడనే తికమక పడి ఉల్టా వైర్ పెడతరు.

ఇగ డిఫరెన్షియల్. ఇంటి మీది ట్యాంకుల ఫ్లోట్ స్విచ్ చూసే ఉంటరు, నీళ్లు కింది గీతకు పోతే మోటరు పెడతది, పై గీతకు వస్తే ఆపుతది, ఆ రెండు గీతల నడుమ ఎడమే డిఫరెన్షియల్. ప్రెషర్ స్విచ్‌ల అది బార్లల్ల ఉంటది. 6.5 బార్‌కు స్టార్ట్, 7.5కు బంద్ అంటే డిఫరెన్షియల్ 1 బార్ అన్నట్టు. కొన్ని స్విచ్‌లల్ల ఈ ఎడం కంపెనీల్నే ఫిక్స్ చేసి పంపుతరు, మార్చరాదు, కొన్నిట్ల రెండో స్క్రూ ఉంటది, మనం పెంచుకోవచ్చు. కొనేటప్పుడు రేంజ్ ఒక్కటే అడిగి వస్తరు, దీన్ని అడగరు, అసలు జాకీ బతుకు అంతా దీని మీదనే ఉంటది.

జాకీకి, మెయిన్‌కు ఒకటే స్విచ్ ఎందుకు కాదు

జాకీ పంపు పని లైన్ల చిన్న చిన్న లీకేజీలకు తగ్గిన ప్రెషర్‌ను మళ్ల నింపుడు. దానంతట అదే స్టార్ట్ కావాలె, దానంతట అదే ఆగాలె. నీళ్లు గాలి లెక్క నొక్కుకపోవు, ఎయిర్ వెసెల్ల (లైన్‌కు దిండు లెక్క పనిచేసే గాలి డబ్బా) గాలి అయిపోయిన లైన్ల జర నీళ్లు కారినా గేజ్ ముల్లు గబుక్కున దిగుతది, జాకీ జర తిరిగినా గబుక్కున ఎక్కుతది. అటువంటి లైన్ల 0.3 బార్ ఫిక్స్‌డ్ డిఫరెన్షియల్ స్విచ్ పెడితే ఏమైతది చెప్పుండ్రి. ఒక జిన్నింగ్ మిల్లుకు పోయిన, పత్తి సీజన్ నడుస్తున్నది, యార్డుల కుప్పలు కుప్పలుగ పత్తి, పంపు రూంల జాకీ స్టార్ట్, బంద్, స్టార్ట్, బంద్, వాచ్ చూస్తే పది సెకండ్లకు ఒకసారి. కాంటాక్టర్ (మోటరుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) పాయింట్లు నల్లగ కాలిపోయినయి, మోటరు మీద చెయ్యి పెట్టరాకుంట వేడి. వాచ్‌మన్ ఆ చప్పుడు పడలేక రాత్రిపూట జాకీని ఆఫ్ చేసి పండుకుంటున్నడంట, ఆయనను నేను ఏమనలేదు, చప్పుడు అట్లనే ఉన్నది. కానీ జాకీ ఆఫ్ ఉంటే ప్రెషర్ మెల్లగ దిగి నడిరాత్రి మెయిన్ పంపు వచ్చేస్తది కదా అని చూస్తే, అది కూడ మాన్యువల్ల పెట్టి ఉన్నది. పత్తి నిండుగ ఉన్న మిల్లు, రాత్రంతా ఏ పంపు ఆటోల లేదు. లీకేజ్ ఉన్న గ్లాండ్లు బిగించినం, వెసెల్ల గాలి నింపినం, జాకీకి రెండు స్క్రూల స్విచ్ పెట్టి 1 బార్ ఎడం ఇచ్చినం, ఆ తర్వాత గంటకు ఒకసారి కూడ రాలేదు.

కాబట్టి జాకీకి డిఫరెన్షియల్ మార్చుకునే రకమే తీసుకోండ్రి, కనీసం 1 బార్ వరకు పెరగాలె, ఇక్కడ పైసలు మిగిలించుకోవద్దు.

మెయిన్ పంపు, డీజిల్ పంపు లెక్క వేరే. అవి ఆటోల స్టార్ట్ అయితయి కానీ ఆపుడు మనిషే పోయి ఆపాలె, మన దగ్గర నడిచే పద్ధతి అదే. ఎందుకంటే మంటల నడుమ నీళ్లు కొడుతుంటే ఎవరో ఒక నాజిల్ మూసిన్రని ప్రెషర్ పెరిగి పంపు తనంతట తను ఆగిపోవద్దు. అంటే స్విచ్ ఒక్కసారి సిగ్నల్ ఇస్తే చాలు, ప్యానెల్ దాన్ని పట్టుకొని ఉంచుతది. కాబట్టి వీటికి డిఫరెన్షియల్ పెద్దగ అక్కరలేదు, ఫిక్స్‌డ్ రకం చాలు, దానికి బదులు సెట్ పాయింట్ (స్విచ్ కొట్టాలని మనం పెట్టిన ప్రెషర్ అంకె) కదలకుండ ఉండేది, స్కేల్ మంచిగ కనపడేది, స్క్రూకు లాక్ ఉండేది చూడుండ్రి. అయితే ఒకటి చూసుకోవాలె, ప్యానెల్ నిజంగ పట్టుకొని ఉంచుతుందా లేదా. కొన్ని పాత ప్యానెళ్లల్ల మెయిన్ కూడ స్విచ్‌తోనే ఆగుతది, అట్లుంటే స్విచ్ మార్చుడు కాదు ప్యానెల్ వైరింగ్ మార్చాలె.

పంపు పంపుకు వేరే స్విచ్ ఉండాలె, ఒక్క స్విచ్ నుంచి టైమర్ పెట్టి రెండు పంపులు నడిపే పద్ధతి నాకు అసలే నచ్చదు, ఆ ఒక్కటి పోతే రెండూ పోయినట్టే.

రేంజ్, బిల్డింగ్ ఎత్తు

ఈ ముచ్చట జర వివరంగ చెప్పాలె, నేను చూసినవాట్ల అన్నిటికంటే ప్రమాదం ఇదే. ఒక అపార్ట్‌మెంట్, 30 మీటర్ల ఎత్తు, మీద టెర్రస్ ట్యాంక్ నుంచి ఎన్‌ఆర్‌వీ (నీళ్లు ఎన్కకు పోకుండ ఆపే వాల్వ్) ద్వారా హైడ్రెంట్ రైజర్‌కు (హోస్ తగిలించే వాల్వ్‌లు ఉండే నిలువు పైపు) కనెక్షన్. డ్రిల్ చేస్తున్నం, గ్రౌండ్ ఫ్లోర్ల వాల్వ్ తెరిచినం, హోస్ నిండింది, జాకీ వచ్చింది, గేజ్ ముల్లు దిగి దిగి 3 బార్ దగ్గర ఆగింది, ఇంక దిగతలేదు. మెయిన్ రాలేదు, డీజిల్ రాలేదు. అంతకుముందు కూడ ఇట్లనే అయితే స్విచ్ ఖరాబ్ అని రెండుసార్లు కొత్తవి మార్చిన్రంట. స్విచ్ ఖరాబ్ కాదు. 10 మీటర్ల నీళ్ల ఎత్తుకు దాదాపు 1 బార్ వస్తది, 30 మీటర్ల మీద ట్యాంక్ ఉంటే పంపు రూంల 3 బార్ ఎప్పటికీ నిలబడి ఉంటది, ఆ ట్యాంక్ ఖాళీ అయ్యేదాక. మెయిన్ స్విచ్ 2.5 మీద పెట్టి ఉన్నది, డీజిల్ 2 మీద. ఆ పాయింట్లు రానే రావు.

మరి 2.5 మీద ఎందుకు పెట్టిన్రు అంటే, పెట్టిన స్విచ్‌లు ఇళ్లల్ల బూస్టర్ మోటర్లకు పెట్టే రకం, వాటి పై హద్దే 3 బార్ చిల్లర. ఎక్కువ పెట్టాలన్నా స్క్రూ తిరగదు. 7 బార్ లైన్ మీద రోజూ కూసుండి కూసుండి డయాఫ్రమ్ కూడ ఉబ్బిపోయింది. చవకగ దొరికిందని తెచ్చింది, సెట్టింగ్ దానికి తగ్గట్టు కిందికి పోయింది, ఆ కింది సెట్టింగ్ వల్ల పంపే రాలేదు.

అందుకే ముందు లెక్క, తర్వాత కొనుగోలు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం పై హైడ్రెంట్ దగ్గర 3.5 బార్ ఉండాలె, 30 మీటర్ల బిల్డింగ్‌కు ఎత్తుకే 3 బార్ పోతది, పైపుల రాపిడికి కొంత, కాబట్టి 70 మీటర్ల హెడ్ పంపు (అంటే అంత ఎత్తుకు నీళ్లు నెట్టేది, 7 బార్) పెడతరు, వాల్వ్‌లన్ని మూసి నడిపితే 8 బార్ దాకా చూపిస్తది. ఇటువంటి దాంట్ల నేను పెట్టేది జాకీ బంద్ 7.5, జాకీ స్టార్ట్ 6.5, మెయిన్ 5.5, డీజిల్ 4.5. నిలబడి ఉండే 3 బార్‌కు డీజిల్ పాయింట్ కూడ మంచిగ మీదనే ఉన్నది చూడుండ్రి. అమెరికా వాళ్ల ఫైర్ పంపుల కోడ్ ఎన్‌ఎఫ్‌పీఏ 20ల ఇంకా దగ్గర దగ్గరగ చెప్తరు, పంపు మూసి నడిపిన ప్రెషర్‌కు సక్షన్ దిక్కు ఉండే ప్రెషర్ కలిపి అక్కడ జాకీ బంద్, దానికి 10 పీఎస్‌ఐ కింద జాకీ స్టార్ట్, ఇంకా 5 కింద మెయిన్, తర్వాతి పంపులకు పదేసి పీఎస్‌ఐ కింద. 14.5 పీఎస్‌ఐ అంటే 1 బార్, అంటే జాకీకి మెయిన్‌కు నడుమ మూడో వంతు బార్ మాత్రమే. మన మెకానికల్ స్విచ్‌లకు, మన గేజ్‌లకు అంత సన్నటి ఎడం నిలవదు, జాకీ మెయిన్ రెండూ కలిసి లేస్తయి, అందుకే నేను 1 బార్ ఎడం పెడత. ఎలక్ట్రానిక్ పెట్టుకుంటే ఆ సన్నటి ఎడం కూడ పెట్టుకోవచ్చు.

రేంజ్ ఎంచుకునేటప్పుడు మన సెట్ పాయింట్ స్కేల్ నడిమిల పడాలె. పైన చెప్పిన లైన్‌కు 0 నుంచి 10 గాని 2 నుంచి 14 గాని మంచిగుంటది. 0 నుంచి 25 రకం పెద్దది కదా భద్రం అని తెచ్చేటోళ్లున్నరు, దాంట్ల 5.5ను 4.5ను వేరు చేసి పెట్టుడు కష్టం, గీత మందమే అంత ఉంటది. ఇంకోటి, లైన్ హైడ్రో టెస్ట్ (మామూలు కంటే ఎక్కువ ప్రెషర్ పెట్టి లీకేజ్ చూసుడు) చేసేటప్పుడు స్విచ్‌లు తీసి డమ్మీ కొట్టుండ్రి, లేకపోతే కనీసం ఆ స్విచ్ తట్టుకునే గరిష్ట ప్రెషర్ టెస్ట్ కంటే ఎక్కువ ఉందా అని నేమ్‌ప్లేట్ చూడుండ్రి.

కంప్రెసర్ స్విచ్‌లు కూడ కొందరు పెడతరు, రేంజ్ కలుస్తది, ప్రతి షాపుల దొరుకుతది. అది గాలికి చేసింది, నీళ్లకు లోపల తుప్పు పడతది. వద్దు.

మెకానికలా, ఎలక్ట్రానిక్కా

ఇప్పుడు కొత్త హాస్పిటళ్లల్ల, మాల్‌లల్ల డిజిటల్ డిస్‌ప్లే ఉన్న ఎలక్ట్రానిక్ స్విచ్‌లు, లేకపోతే 4-20 మిల్లీఆంప్ ట్రాన్స్‌మిటర్లు పెడుతున్నరు. మంచి వస్తువులే. లోపల స్ప్రింగ్ లేదు, సెన్సర్ మీద పడ్డ ఒత్తిడిని కరెంటు సిగ్నల్‌గ మారుస్తది, అంకె కండ్ల ముందు కనపడతది, రెండు మూడు పాయింట్లు ఒకే దాంట్ల పెట్టుకోవచ్చు, డిఫరెన్షియల్ ఎంతంటే అంత, వాటర్ హ్యామర్‌కు (నీళ్లు ఒక్కసారి ఆగితే లైన్ల వచ్చే ప్రెషర్ దెబ్బ) బెదరకుండ రెండు సెకండ్ల డిలే పెట్టుకోవచ్చు, కంట్రోల్ రూం కంప్యూటర్‌కు ప్రెషర్ రికార్డ్ పంపుతది.

కానీ దానికి బతకడానికి కరెంటు కావాలె. మెకానికల్ స్విచ్‌కు దాని సొంత కరెంటు అక్కరలేదు, ప్యానెల్ వోల్టేజ్ దాని కాంటాక్ట్ మీదికెళ్లి పోయి వస్తది, అంతే. డీజిల్ పంపు ఎందుకు పెట్టుకున్నం, కరెంటు పోయినప్పుడు పని చేయాలనే కదా. ఒక దగ్గర డీజిల్‌కు మంచి ఎలక్ట్రానిక్ స్విచ్ పెట్టిన్రు, దానికి సప్లై ఎలక్ట్రిక్ ప్యానెల్ల ఉన్న 24 వోల్ట్ పవర్ సప్లై నుంచి తీసిన్రు. మెయిన్ కరెంటు ఆఫ్ చేసి టెస్ట్ చేస్తే డిస్‌ప్లే ఆరిపోయింది, ఇంజిన్‌కు సిగ్నలే రాలేదు. బ్యాటరీ ఫుల్ ఉన్నది, ఇంజిన్ కొత్తది, డీజిల్ నిండుగ ఉన్నది, చెప్పేటోడే లేడు. డీజిల్‌కు ఎలక్ట్రానిక్ పెట్టాలె అనుకుంటే దాని సప్లై ఇంజిన్ బ్యాటరీ నుంచే రావాలె, 12 వోల్టా 24 వోల్టా చూసుకొని కొనాలె.

నన్నడిగితే అపార్ట్‌మెంట్‌కు, మిల్లుకు, గోదాముకు మూడు పంపులకు మూడు మెకానికల్ స్విచ్‌లు. ఎండాకాలం గాలిదుమారం, ఉరుములు మెరుపులు, వోల్టేజ్ ఎక్కుడు దిగుడు, ఇవన్నీ ఎలక్ట్రానిక్ కార్డుకు పగ, అది పోతే మళ్ల తెప్పించేదాక ఎవరూ స్పేర్ పెట్టుకోరు. పెద్ద హాస్పిటల్, ఇరవై నాలుగు గంటలు ఎలక్ట్రీషియన్ ఉండే చోట, రికార్డ్ కావాలనుకుంటే ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌మిటర్ పెట్టుకోండ్రి, కానీ పంపు స్టార్ట్ సిగ్నల్‌కు పక్కన ఒక మెకానికల్ కూడ సమాంతరంగ ఉంచుండ్రి. దీని మీద నాతోని వాదించే ఇంజినీర్లు ఉన్నరు, నేను మాత్రం ఈ మాట మార్చుకోలేదు.

డాన్‌ఫాస్, ఇండ్‌ఫాస్, స్విట్జర్, ఓరియన్, ఈ పేర్లు మీకు ఎక్కువ వినపడతయి, ఒక్కో కంపెనీల్నే చవక రకం నుంచి భారీ రకం దాకా ఉంటయి కాబట్టి మోడల్ నంబర్ తోని షీట్ చూసి కొనుండ్రి. చూడాల్సింది నీళ్లు తగిలే భాగం ఇత్తడా స్టీలా, డబ్బా ఐపీ 65 (దుమ్ము, నీళ్ల చిమ్ము లోపలికి పోని రకం) ఉందా, కేబుల్ గ్లాండ్ (వైరు పోయే రంధ్రాన్ని బిగించి మూసేది) వస్తుందా. మన బోరు నీళ్లల్ల ఉప్పు ఎక్కువ, చిన్న రంధ్రాలల్ల తెల్లటి పొక్కు కడతది, మామూలు ఇనుప నిపుల్ (స్విచ్‌ను లైన్‌కు కలిపే చిన్న పైపు ముక్క) పెడితే రెండు మూడేండ్లకు లోపల తుప్పుతోని మూసుకపోతది, స్విచ్ బాగనే ఉన్నా దానికి ప్రెషర్ చేరదు. పత్తి మిల్లుల మూత తెరిచి పెడితే నూగు పోయి కాంటాక్టుల నడుమ కూసుంటది. గ్లాండ్ లేని రంధ్రంల నుంచి కందిరీగ పోయి మట్టి గూడు కట్టింది కూడ చూసిన.

ఇంకొక చిన్న మాట, ఏ స్విచ్ అయినా కంట్రోల్ వైరు వరకే, కాంటాక్టర్ కాయిల్ వరకే. మోటరు కరెంటు దాని మీదికెళ్లి తీసుకపోవద్దు.

అలారంకు: ప్రెషర్ స్విచ్చా, ఫ్లో స్విచ్చా

స్ప్రింక్లర్ ఉన్న చోట నీళ్లు పారుతున్నయి అని ప్యానెల్‌కు చెప్పాలె. దీనికి రెండు దారులు. ఫ్లో స్విచ్ అంటే పైపు లోపల ఒక తెడ్డు లాంటి రెక్క ఉంటది, నీళ్లు కదిలితే అది వంగుతది. ప్రెషర్ స్విచ్ అయితే అలారం వాల్వ్ పక్క గొట్టంల ఉంటది, వాల్వ్ లేచినప్పుడే ఆ గొట్టంల నీళ్లు వస్తయి, సున్నా నుంచి జర ప్రెషర్ రాంగనే కొడుతది. అందుకే దీనికి పంపు స్విచ్ పనికి రాదు, 0.3 నుంచి 0.5 బార్‌కే కొట్టే చిన్న రేంజ్ కావాలె. పాటర్ పీఎస్10 లాంటివి కంపెనీ నుంచే 4 నుంచి 8 పీఎస్‌ఐ నడుమ సెట్ అయి వస్తయి, వాటి స్క్రూ ముట్టకండ్రి.

అంతస్తుకొక జోన్ వేరుగ తెలవాలంటే ఫ్లో స్విచ్, మొత్తం సిస్టమ్‌కు ఒక్క నమ్మకమైన అలారం కావాలంటే అలారం వాల్వ్ ప్రెషర్ స్విచ్, పెద్ద బిల్డింగ్‌ల రెండూ ఉంటయి. గాలి నింపి ఉంచే డ్రై లైన్ల తెడ్డు రకం పెట్టొద్దు, నీళ్లు ఒక్కసారి దూసుకొచ్చి రెక్కను విరగ్గొడతయి, అక్కడ ప్రెషర్ స్విచ్చే. ఆ గాలి తగ్గితే ముందుగ చెప్పడానికి ఇంకొకటి, రెండు పాయింట్లు ఉండేది కావాలె. ఊకె దొంగ అలారాలు వస్తుంటే చాలామంది ప్రెషర్ స్విచ్ స్క్రూ బిగిస్తరు, అది తప్పు, వాల్వ్ పక్కన రిటార్డ్ చాంబర్ (ప్రెషర్ జర ఊగినంత మాత్రాన అలారం కొట్టకుండ ఆపే డబ్బా) ఉంటది, దాని డ్రెయిన్ రంధ్రం మూసుకపోయిందేమో ముందు అది చూడాలె.

కొన్నంక బిగించుడు

స్విచ్‌లు నిలువుగ, వణుకు లేని చోట, పంపు మీద కాదు గోడ మీద హెడర్ (స్విచ్‌లన్నిటికీ ప్రెషర్ పంచే పైపు) పెట్టి బిగించాలె. కనెక్షన్ పంపు ఎన్‌ఆర్‌వీ తర్వాత, బయటి వాల్వ్ కంటే ముందు తియ్యాలె. ఎన్‌ఎఫ్‌పీఏ 20 అయితే పంపు పంపుకు వేరే సెన్సింగ్ లైన్ (స్విచ్‌కు ప్రెషర్ చేర్చే సన్న పైపు), అర అంగుళం, రాగి గాని ఇత్తడి గాని స్టెయిన్‌లెస్ స్టీల్ గాని, నడుమ 2.4 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న రెండు చెక్ వాల్వ్‌లు, ముల్లు ఊగకుండ. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ లైన్ల మూసే వాల్వే ఉండొద్దు అంటది. మన దగ్గర మాత్రం రిపేర్‌కు అల్కగుంటదని ప్రతి స్విచ్ కింద ఒక కాక్ పెడతరు. ఒక హాస్పిటల్ల స్విచ్ మార్చినంక కాక్ తెరువుడు మర్చిపోయిన్రు, లోపల 7 బార్ ఇరుక్కొని ఉన్నది, బయట లైన్ ఖాళీ అయినా ఆ స్విచ్‌కు 7 బారే కనపడతది. నెలల పాటు అట్లనే ఉన్నది, మూడు అంతస్తుల నిండ రోగులు. అందుకే కాక్ పెట్టక తప్పదంటే తెరిచి హ్యాండిల్ ఊడదీసి ప్యానెల్ల తాళం వేసి పెట్టుండ్రి.

హెడర్‌కు ఒక గేజ్, ఒక డ్రెయిన్ కాక్ మాత్రం తప్పకుండ అడుగుండ్రి. టెస్ట్ దాంతోనే. డ్రెయిన్‌ను సన్నగ తెరవాలె, ముల్లు మెల్లగ దిగుతది, జాకీ ఏ అంకె మీద వచ్చింది రాసుకోండ్రి, తర్వాత జాకీని ఆపి మళ్ల దించుండ్రి, మెయిన్ ఎక్కడ వచ్చింది, దాన్ని కూడ ఆపి దించితే డీజిల్ ఎక్కడ వచ్చింది. డీజిల్ వారానికి ఒకసారి అరగంట, ఎలక్ట్రిక్ కనీసం నెలకు ఒకసారి పది నిమిషాలు నడపాలె, ఆ నడిపేది ప్యానెల్ బటన్ నొక్కి కాదు, ఇట్ల ప్రెషర్ దించే నడపాలె, లేకపోతే మోటరు టెస్ట్ అయితది గాని స్విచ్ టెస్ట్ కాదు. అయిపోయినంక మూడు సెలెక్టర్లు ఆటోల ఉన్నయా అని ఇంకోసారి చూసి బయటికి రాండ్రి. ఆ హాస్పిటల్ల ఇప్పుడు ప్రతి సోమవారం పొద్దుగాల ఎలక్ట్రీషియన్ ఈ మూడు అంకెలు రాసి నాకు ఫోటో పంపుతడు, పోయిన నెల 5.5 కాస్త 5.1 అయిందని ఆయనే పట్టుకున్నడు, నిపుల్ విప్పితే సగం దాక తెల్లటి పొక్కు.